షెహజాది ఓడిపోవాలని మొక్కిన రోజు

నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు... బోరబండ స్టేషన్ వెనక గల్లీల, ఒకటే అర్ర ఉన్న కిరాయి ఇంట్ల ఉండేటోళ్ళం. మా నాన్న ఎల్లయ్య మలక్‌పేట రేసుకోర్సుల సైసు. అంటే గుర్రానికి మేత పెట్టుడు, ఒళ్ళు తోముడు, పొద్దుగాల నడిపించుడు... అన్నీ ఆయనే. వారంల నాలుగు దినాలు లాయంలనే పండేటోడు. ఇంటికొచ్చిన రోజు మాత్రం అన్నం తినుకుంట గుర్రాల ముచ్చట్లే.

ఆయన చూసుకునే గుర్రం పేరు షెహజాది. గోధుమరంగు ఆడగుర్రం, నొసట తెల్ల మచ్చ. ఆ సీజన్ల ఉరికిన ప్రతిసారి గెల్చింది. "నా పెద్దబిడ్డ" అనేటోడు దాన్ని. నాకు జర కుళ్ళు గూడ ఉండేది...

పెద్ద రేసుకు ఒకరోజు ముందు, మధ్యాహ్నం బట్టల కోసమని ఇంటికొచ్చిండు. కంచం ముందు కూసున్నడు గని ముద్ద నోట్లె పెట్టలే.

"ఏమైంది?" అన్నది అమ్మ.

"షెహజాది పొద్దటి మేత సగం ఇడిచిపెట్టింది. డాక్టర్ చూసి మంచిగనే ఉందన్నడు. నాకే మనసుల పడ్తలేదు. రేపు ఎట్ల ఉరుకుతదో..."

అమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టింది. ఇంటి ఓనరు నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నడు. కొత్త రూముకు అడ్వాన్సు కట్టాలె. బియ్యం డబ్బాల దాచిన పైసలు అందుల సగానికే వస్తయ్...

"అందరు షెహజాది మీదనే పైసలు పెడ్తరు గద. అది గెలిస్తె చేతికి ఏం మిగలదంటివి. మరి దాని తర్వాత గట్టి గుర్రం గెలిస్తె?"

"రూపాయికి ఆరు రూపాయలు."

"మరి..."

నాన్న అమ్మ దిక్కు చూసిన చూపు నాకు ఇప్పటికీ యాదికుంది.

"నా చేతుల మేత తిన్న గుర్రం ఓడిపోవాలని కోరుకోమంటవా? మా పనోళ్ళు పైసలు పెట్టనే వద్దు. ఇంటోళ్ళు పెట్టినా తప్పే. ఇగ ఆ మాట తియ్యకు." చెయ్యి కడుక్కొని, రైలు టైమైతుందని ఎల్లిపోయిండు.

ఆ సాయంత్రమంత అమ్మది ఒకటే పని. బియ్యం డబ్బా మూత తీసుడు, మళ్ళ పెట్టుడు...

తెల్లారి నన్ను తోల్కొని రైలెక్కింది. సంచి చంకల గట్టిగ ఒత్తి పట్టుకుంది. "సగం మేత ఇడిచింది గద" అనుకుంటది. ఇంకో స్టేషన్ దాటంగనె "డాక్టరైతె మంచిగుందన్నడు" అనుకుంటది. సికింద్రాబాద్‌ల బండి ఆగినప్పుడు నా చెయ్యి పట్టుకొని, "దిగుదామా? వాపస్ పోదాం" అన్నది. నేను సీటు ఇడువలే. "నాకు గుర్రాలు చూడాలె" అన్న. ఆ మాట అనకుంటె ఎట్లుండేదో...

గేటు కాడ వాచ్‌మెన్ ఆపిండు. పిల్లల్ని రానియ్యరంట.

"సారూ, దీని నాయిన లోపల సైసు పనిజేస్తడు."

"ఏ గుర్రం?"

"షెహజాది."

"అగో! ఇయ్యాల మీదేనమ్మా... పో పో!" అని నవ్వుకుంట ఇడిచిండు. అమ్మ నవ్వలే. కొంగు నెత్తి మీద కప్పుకుంది.

రేసుకు ముందు గుర్రాలను గుండ్రంగ తిప్పుతరు. నాన్న షెహజాదిని పట్టుకొని నడుస్తున్నడు. ఇస్త్రీ అంగి, నున్నగ దువ్విన తల. గుర్రం ఒళ్ళు ఎండకు తళతళ మెరుస్తుంది. ఇంట్ల అంత పొడుగ్గ నిలవడంగ నాన్నను నేనెప్పుడు చూడలే. అమ్మ నన్ను జనం వెనకకు గుంజింది.

కౌంటర్ కాడ లైన్ల నిలవడ్డం. "ఏ నంబరమ్మా?" అన్నడు లోపలాయన. షెహజాదిది ఒకటో నంబరు, నాన్న చెప్పిన ఆరు రూపాయల గుర్రానిది నాలుగు. అమ్మ సంచిని ఇంక గట్టిగ ఒత్తి పట్టుకుంది. వెనక నుంచి ఎవరో "జల్ది చెప్పమ్మా" అని ఒర్రిండు.

"నాలుగు" అన్నది అమ్మ. డబ్బాల పైసలన్నీ ఇచ్చేసింది.

గుర్రాలు ఉరికినయ్. మొదటి నుంచి నాలుగో నంబరే ముందు. షెహజాది యాడనో మధ్యల ఇరుక్కుంది. నేను కండ్లు మూసుకొని, పిడికిళ్ళు బిగవట్టి మొక్కుతున్న... దేవుడా, షెహజాది ఓడిపోవాలె... ఓడిపోవాలె...

కడాకరి మలుపు తిరగంగనె జనం ఒక్కసారి లేచిన్రు. కండ్లు తెరిస్తె, బయటి పక్క నుంచి గోధుమరంగు దూసుకొస్తుంది. నా పక్కనే ఎవరో గొంతు చించుకుంటున్నరు. "ఉరుకు బిడ్డా! ఉరుకు!" తిరిగి చూసిన. మా అమ్మే. టికెట్ ఆమె పిడికిట్లనే నలిగిపోయింది.

తలకాయంత తేడాతోని షెహజాది గెల్చింది.

తెల్లారి నాన్న మిఠాయి డబ్బతోని వచ్చిండు. "గ్యాలరీల మిమ్మల్ని చూసిన. నా గుర్రాన్ని చూస్తానికి ఇంత దూరం వచ్చిన్రని నా పానం ఎంత ఖుషి అయిందో!" అన్నడు. అమ్మ పొయ్యి కాడనే కూలవడి ఏడ్చింది. అన్నీ చెప్పేసింది.

నాన్న ఒర్రలే. పైసలెన్ని అని గూడ అడగలే. నా దిక్కు తిరిగి, "నువ్వు గూడ మొక్కినవా బిడ్డా?" అన్నడు. నేను తల ఊపిన. ఆయన డబ్బ అక్కడనే పెట్టి బయటికి నడిచిండు.

అమ్మ కమ్మలు కుదువ పెడితె రూము దొరికింది. నెల తిరిగేసరికి నాన్న మాతోని మామూలుగ మాట్లాడిండు గూడ. గని ఆ దినం నుంచి అన్నం కాడ గుర్రాల ముచ్చట మాత్రం ఎన్నడు తియ్యలే...

ఇప్పుడు నేను పనిజేసే ఆఫీసుల, లంచ్ టైంల పిల్లలు ఫోన్ల మీద ఏలు పెట్టి ఆటలల్ల గెలిచేటోళ్ళ మీద, ఓడేటోళ్ళ మీద పైసలు పెడ్తున్నరు. ఎవలు ఓడినా వాళ్ళకేం ఫికర్ లేదు... స్క్రీన్ మీద పేరే గని, అటు దిక్కు నిలవడ్డ మనిషి కనవడడు. మాకైతె ఇస్త్రీ అంగి ఏసుకొని కండ్ల ముందర్నే నడిచిండు.

చిన్నప్పుడు ఎన్నడన్న... మీ సొంతోళ్ళు ఓడిపోవాలని మీరు గూడ మొక్కిన్రా? చెప్పబుద్ధయితెనే చెప్పున్రి...