జాజ్ ప్లేటులో గట్టిమేళం

ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో పుదుచ్చేరి రేవులో ఏ కొత్త వస్తువు దిగినా, పోయి చూసి రాకపోతే మాకు అన్నం సయించని రోజులవి. అలా చూడబోయి నేను తగులుకున్నది శాక్సోఫోన్. ఊరు విడిచిపోతున్న బ్యాండు దొర దగ్గర దాన్ని సంపాదించాను. ఓడవాళ్ల గ్రామఫోనులో జాజ్ అనే సంగీతం విని, ఆ పాటలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో తెలుసుకోవాలని ఒకటే ఊదేవాణ్ణి (ఎప్పుడు ఆపుతానో తెలుసుకోవాలని ఇరుగుపొరుగుకూ ఉండేది). మా నాయన పెళ్లిళ్లలో నాగస్వరం వాయించేవాడు. శాక్సోఫోన్ వంపు చూసి "ఏందిరా ఇది, నడుం వొంగిన ముసిలోడి మాదిరి?" అనేవాడు. రికార్డు కంపెనీ దొర వస్తున్నాడని తెలిశాక తేల్చి చెప్పేశాడు. "నీ పాటతో గ్రామఫోను ప్లేటు వచ్చిందా, నీ ఇష్టం. రాలేదా, దీన్ని యాడన్నా పారేసి నా పక్కన వచ్చి కూర్చో."

దొర ఒక గోదాములో గోడలకు దుప్పట్లు కట్టి యంత్రం పెట్టాడు. పాటను గీసుకునే మైనపు పలక నా వంతుకు ఒక్కటే మిగిలింది. అది చివరికొచ్చినప్పుడు వేలెత్తుతానని, అప్పుడు మెల్లగా ముగించమని చెప్పాడు. బుద్ధిగా తలూపాను. నాయన "ఊరికే చూసి పోదామని" వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు.

బాగానే వాయించాను (నా మాట నమ్మండి). అంతలో దొర వేలెత్తి ఆడించాడు. మా పెళ్లిళ్లలో తాళి కట్టే క్షణాన పెద్దలు అలా వేలు ఆడిస్తే అది గట్టిమేళానికి సైగ. ఎవరి తుమ్మూ, ఏ చెడు మాటా వినపడకుండా ఊపిరున్నంతా ఊదాలి. చిన్నప్పటినుంచీ నాయన వెనక కూర్చున్నవాణ్ణి కదా, దొర మాట మరిచిపోయి ఊదేశాను. వెనకనుంచి దబదబమని చప్పుడు. తిరిగి చూస్తే నాయన కళ్లు మూసుకుని కుర్చీని డోలులా బాదుతున్నాడు! దొర నోరు తెరిచి నిలబడ్డాడు.

అంతా అయిపోయిందనుకుని ఏడుపొచ్చింది. దారిలో నాయన, "మరి ఆయన వేలెందుకెత్తినాడంట?" అని మాత్రం అడిగాడు. కంపెనీవాళ్లకు ఏం నచ్చిందో ఇప్పటికీ తెలియదు, కొన్ని నెలలకు ప్లేటు వచ్చింది. వీధంతా మా అరుగు మీద చేరింది. నాయన గ్రామఫోను బాకాలోకి చెవి పెట్టి ఆఖరుదాకా విన్నాడు.

"ఆ కడసీలో డోలు కొట్టిందెవురురా? మంచి చెయ్యి!"

"నువ్వే నాయనా."

నమ్మలేదు. మళ్లీ పెట్టమన్నాడు. ఆ తర్వాత శాక్సోఫోన్ పారేయమన్న మాట ఎత్తలేదు.

ఉన్నన్నాళ్లూ ఆయన ముల్లును చివర్లోనే పెట్టించుకుని వినేవాడు. అందుకే ఇప్పుడు నా మొదటి ప్లేటులో జాజ్ అంతా కొత్తదానిలా మోగుతుంది, నాయన వాయించిన చోట మాత్రం అరిగిపోయి గరగర తప్ప ఏమీ మిగల్లేదు. ఎవరైనా అడిగితే ముచ్చటగా పెడతాను. ఆ గరగర వచ్చేసరికి, ఎవరూ వేలెత్తకపోయినా, నడుం వొంగిన ఈ ముసలాడి చేతులు కుర్చీని బాదడం మొదలుపెడతాయి.