వెనక్కి నడిచిన గడ్డికోత యంత్రం

ఏడో నెలలో డాక్టరమ్మ నన్ను మంచం దిగొద్దంది. గుజరాత్‌లో, హజీరా ఫ్యాక్టరీలో యంత్రాల మధ్య తిరిగేదాన్ని, అడాజన్‌లో మా కింది అంతస్తు ఫ్లాట్‌లో గోడవైపు తిరిగి పడుకున్నాను. కిటికీ పక్కనే ఉండేది కానీ ఎత్తు. ఆకాశం తప్ప ఏమీ కనబడేది కాదు. మావారు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయేవారు. పగలంతా నాకు తోడుండడానికి ఉన్ అనే బస్తీ నుంచి ఒకావిడ వచ్చేది. కరీంనగర్ వైపు మనిషి, నాకన్నా చాలా పెద్దది. నన్ను బిడ్డా అనేది.

కిటికీ అవతల మా ఫ్లాట్ల సొసైటీ పచ్చిక. పై అంతస్తు గుజరాతీ పెద్దాయన తన పాత ఇంగ్లీషు గడ్డికోత యంత్రాన్ని అక్కడే బాగుచేసుకునేవాడు. దాని ఇంజన్ పగిలిపోతే, పాతసామాన్ల బజారులో అదే కంపెనీది ఇంకొకటి వెతికి తెచ్చి బిగించాడు. ఇంజన్ చక్కగా మోగేది. క్లచ్ వెయ్యగానే కీచుమనేది, యంత్రం మాత్రం కదిలేది కాదు. రోజూ అదే కీచు. లేచి వెళ్ళి చూడలేను, చెవులు మూసుకున్నా వినబడుతుంది.

ఒకనాడు ఉండబట్టలేక, ఆ క్లచ్ ఊడదీసి తెమ్మని కబురు పంపాను. పెద్దాయన మొహమాటపడుతూ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆవిడ దాన్ని పాతచీర ముక్కలో చుట్టి నా చేతికిచ్చింది. మధ్య రంధ్రంలో వేలుపెట్టి తడిమాను. ఒకవైపు వెడల్పు, లోపలికి పోనుపోను సన్నం. అంటే ఇందులో దూరే పాత ఇంజన్ షాఫ్టు కొస గరాటులా సన్నబడి ఉండాలి. కొత్తగా తెచ్చినదాని షాఫ్టు కొసదాకా ఒకే లావని ఆయనే చెప్పాడు. గరాటు రంధ్రంలో తిన్నని కడ్డీ దూరిస్తే ఒక్క అంచే ఆనుతుంది, మిగతాది ఊగుతుంది. రంధ్రాన్ని తిన్నగా తొలిపించి, లోపల ఉక్కుగొట్టం దిగ్గొట్టించి, జారకుండా పట్టే చిన్న ఇనుపముక్క, కీకి గాడి కోయించమని హిందీలో చెప్పాను. బొమ్మ కూడా గీసిచ్చాను. ఆ మధ్యాహ్నం నాకు నడుంనొప్పి గుర్తురాలేదు.

ఉధ్నాలో లేత్ మిషన్ మీద చేయించుకొచ్చాడు. బిగించిన రోజు కీచు లేదు. ఇంజన్ గొంతు బరువెక్కింది. లాగుతోందని తెలిసిపోయింది. అంతలో నా కిటికీ కింది గోడకు ఏదో గుద్దుకుని మంచం అదిరింది. ఇంజన్ ఆగిపోయింది.

"ఏమైందక్కా?"

"ఎనుకకు పోయింది బిడ్డా. ముందటికి పోతలేదు. పెద్దాయన జర పక్కకు దుంకిండు, లేకుంటే కాళ్ల మీదికెక్కుతుండె."

దెబ్బేమైనా తగిలిందా అని అడిగాను. లేదట, నవ్వుతున్నాడట.

ఒకే కంపెనీదైనా ఆ ఇంజన్ షాఫ్టు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఎటు తిరుగుతుందని నేను అడగనేలేదు. బయట నిలబడి ఉంటే అడిగే పనే లేదు, కంటికే కనబడేది. లేవబోయాను. ఆవిడ నా భుజం పట్టి ఆపింది.

"నువ్వు లేస్తే గా మిషిని ముందటికి పోతదా? పండుకో."

గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆవిడ నా కాళ్లు ఒత్తుతూ కూర్చుంది.

దిక్కు మార్చాలంటే మధ్యలో ఇంకో పళ్లచక్రం కావాలి. దానికి చోటు లేదు. పెద్దాయన ఆ ఇంజన్‌ను తిరిగి బజారుకే ఇచ్చేసి, గడ్డి కోయడానికి మనిషిని పెట్టుకున్నాడు. కీచు ఆగిపోయాక పగళ్లు మరీ పొడుగయ్యాయి.

పాప నెలలు నిండాకే పుట్టింది. కాన్పుకు వెళ్ళే రోజు చక్రాల కుర్చీలో నన్ను ఆ పచ్చిక పక్కనుంచే తీసుకెళ్ళారు. నేననుకున్నదానికన్నా అది చాలా చిన్నది. నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది.