ఫారంలో రాయని ఉస్తాదు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో జనగామలో మా పాటల బృందానికి పాటలు కూర్చిపెట్టింది ఒక పెళ్లి బ్యాండు మాస్టరు. అరవై దాటిన మనిషి. మేమంతా మాస్టర్ సాబ్ అనేవాళ్లం. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు పంతులమ్మను. పగలంతా పిల్లల చేత సంధులు వల్లె వేయించి, సాయంత్రం దీక్షా శిబిరంలో పాడేదాన్ని.

మేం ఉత్సాహం కొద్దీ అందరం ఒకేసారి విరుచుకుపడితే ఆయన క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని ఊరుకునేవారు. మేమే అలిసిపోయి ఆగాక నోరు విప్పేవారు.

"మొదటి చరణంల కీబోర్డు చేతులు కట్టుకోని కూసుంటది. రెండోదాంట్ల డప్పొక్కటే. ఆఖర్ల అందరు రాండ్రి."

అంతే, అదే పాటకు ఒళ్లు జలదరించేది. ఈ విద్య ఎక్కడిదని అడిగితే చెవి తమ్మె పట్టుకునేవారు. గురువును తలుచుకునేటప్పుడు వాళ్ల పద్ధతి అది. రేగొండ దిక్కు డప్పు కొట్టే మనిషి ఒకాయన ఉండేవాడట. వయసులో ఉండగా మాస్టర్ సాబ్ నాలుగేళ్లు ఆయన వెంట జాతరలు తిరిగారు. మొదటి ఏడాది క్లారినెట్ నోట పెట్టనివ్వలేదట.

"ఎప్పుడు ఊదాల్నో ఎవలైనా జెప్తరు బిడ్డా. ఎప్పుడు ఊదొద్దో మా ఉస్తాదే జెప్పిండు," అనేవారు.

ఆ రోజుల్లోనే మహబూబాబాద్‌లో ఒక సంగీత పాఠశాలకు వాద్యబృంద కూర్పు నేర్పే మాస్టరు కావాలని ప్రకటన పడింది. వయసు పట్టింపు లేదు. డిగ్రీ లేకపోయినా గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లు రావచ్చు. మాస్టర్ సాబ్‌కు అప్పటికే ఊపిరి అందడం లేదు. పెళ్లి బారాత్‌లో రెండు గల్లీలు దాటేసరికి దగ్గు తెర అందుకునేది. బ్యాండులో కుర్రాళ్లకు సినిమా పాటలు చాలు, ఈ కూర్పు గొడవ అక్కర్లేదు. ఆ ఉద్యోగం రాకపోతే ఆయన నేర్చింది ఆయనతోనే పోతుందని మా అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు. ఫారం నేనే నింపాను. 'ఎవరి వద్ద అభ్యసించారు' అన్న గడి దగ్గర నా కలం ఆగింది. ఇంకెవరి దగ్గరైనా నేర్చుకున్నారా అని గుచ్చి గుచ్చి అడిగాను. మిలిటరీ బ్యాండులో చేసి వచ్చిన ఒకాయన దగ్గర మూడు నెలలు నొటేషన్ నేర్చుకున్నానన్నారు. ఇంకేం, ఆ మూడు నెలలను నాలుగేళ్లు చేసేశాను. డప్పు మనిషిని మొత్తానికే వదిలేశాను.

నా బుర్రలో ఏముందో దాచిపెట్టి లాభం లేదు. మన మాట మాట్లాడేవాణ్ణి సినిమాలో జోకర్ని చేస్తే హాల్లో పగలబడి నవ్వినవాళ్లలో నేనూ ఒకదాన్ని. శిబిరంలో మన యాస, మన పాట అని గొంతు చించుకునేదాన్నే. తీరా ఫారం ముందు కూర్చున్నాక, డప్పు కొట్టేవాడి శిష్యుడంటే పెద్దమనుషులు మొహం చిట్లిస్తారని జంకాను. మాస్టర్ సాబ్ నేను చూపించిన చోట సంతకం పెట్టారు. ఏం రాశావని కూడా అడగలేదు.

ఇంటర్వ్యూ రోజు తోడు వెళ్లాను. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది, లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. మిలిటరీ బ్యాండాయన దగ్గర ఏమేం నేర్చుకున్నారని లోపలివాళ్లు అడిగారు.

"గాయన దగ్గర మూన్నెల్లే సార్. నా ఉస్తాదు వేరే," అని ఆయన మొదలుపెట్టారు. రేగొండ మనిషి గురించి అంతా చెప్పారు. ఎదుటి బల్ల మీద వేళ్లతో డప్పు దరువు వేసి చూపించారు. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపారు.

లోపలివాళ్లలో ఒకాయన గొంతు వినిపించింది. "మేం వెతుకుతున్నది ఇలాంటి మనిషినే. మన డప్పును మిగతా వాయిద్యాలతో కలిపి కూర్చేవాళ్లు రావాలనే డిగ్రీ నిబంధన పట్టుబట్టి తీయించాం."

నేను బల్ల మీంచి లేచాను. లోపల కాగితాలు తిప్పుతున్నారు.

"కానీ ఇందులో వేరేగా ఉందే. నాలుగేళ్లూ మిలిటరీ బ్యాండాయన దగ్గరే అని రాశారు. ఏది నిజం?"

అటెండర్ అడ్డం వస్తున్నా ఆగకుండా లోపలికి వెళ్లాను. తప్పు నాది, రాసింది నేను, ఆయనకు తెలుగు చదవడం రాదు అని ఒక్క గుక్కలో చెప్పాను. వాళ్లలో పెద్దాయన నన్ను కూర్చోమన్నాడు.

"అమ్మా, సంతకం ఆయనది. రాసింది ఒకటి, చెప్పేది ఒకటి అయితే పైకి ఏమని పంపాలి? రేపు ఎవరైనా తవ్వి తీస్తే అబద్ధాలకోరన్న పేరు ఆయనకే వస్తుంది. మళ్లీ ఫారం పెట్టిద్దామంటే గడువు అయిపోయింది."

ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. కసురుకుని ఉంటే పోట్లాడేదాన్ని. అలా బాధపడేసరికి ఏం చేయాలో తోచక వాళ్ల ముందే ఏడ్చాను.

తిరుగు ప్రయాణంలో రైల్ రోకో అని కాజీపేటకు ముందే మా ప్యాసింజర్ ఆగిపోయింది. ఇంకో రోజైతే నేనూ పట్టాల మీదికి దిగి నినాదాలు ఇచ్చేదాన్ని. ఆ పూట సీట్లోంచి లేవలేదు. మాస్టర్ సాబ్ నా వైపు తిరిగారు.

"కాయితం జెరాక్స్ ఉన్నదా? ఏం రాసినవో జర సదువు బిడ్డా."

మొదటి గడి నుంచి చివరి దాకా చదివాను. ఎక్కడా తప్పులేని తెలుగు. ఎంత శ్రద్ధగా రాశానో నాకే వినిపిస్తోంది, ఒక్కో వాక్యానికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక, కోపమేమీ లేకుండా, నిజంగా తెలియక అడిగినట్టే అడిగారు.

"మంచిగనే రాసినవ్ బిడ్డా. గని గిండ్ల నేనెక్కడున్న?"