మైకే జరగాలి

నా చిన్నప్పుడు ఎవరికి భయపడినా పడకపోయినా, మా అమ్మమ్మ నోటికి మాత్రం ఊరంతా భయపడేది. బొబ్బిలి చుట్టుపక్కల పల్లెల్లో ఆమె జముకుల కథ చెప్పేది. పక్కన మా తాతయ్య జముకు వాయించేవాడు. గిన్నెలాంటి దానికి తోలు బిగించి, మధ్యలోంచి లాగిన నరాన్ని మీటితే పులి గుర్రుమన్నట్టు మోగుతుంది జముకు.

ఒకరోజు క్యాసెట్లు చేసే ఆయనొకడు టేపురికార్డరుతో మా ఇంటికొచ్చాడు. అమ్మమ్మ నోటి ముందు మైకు పెట్టి, కాసేపు విని మొహం చిట్లించాడు. ఆ మోతకి మైకు బరబరలాడుతోందట, జముకు వద్దట, హార్మోనియం తర్వాత కలుపుకుంటాడట. తాతయ్య జముకును చాప మీద పెట్టేశాడు. పెళ్లినాటి నుంచి అమ్మమ్మ పాటకి ఆయనే తోడు. ఖాళీ చేతులతో కూర్చున్న ఆయన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

అమ్మమ్మ బుద్ధిగా తలూపి పాట ఎత్తుకుంది. ఒక చరణం పాడి ఆగింది. జముకు బదులు పలకాల్సిన చోటది. టేపు తిరుగుతూనే ఉంది, ఆమె కొంగు సర్దుకుంటూ కూర్చుంది. మళ్లీ పాడి మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారికి క్యాసెట్లాయనకి ఒళ్లు మండి, మరిచిపోయారా అని అడిగాడు.

"మర్సిపోనేదు బాబూ. ఇక్కడ పాడీది నాను కాదు, ఆయన. ఆయన్ని తీసీసినావు కదా, నువ్వు పాడు మరి!"

ఆయన టేపు ఆపేశాడు.

"రాదేటి? అయితే జముకు కాదు, నీ మైకుని దూరంగా అట్టుకెల్లు. జనం ఆ సివర కూకొని ఇంతారు. నా నోటికాడ సెవి ఎవుడెడతాడు?"

గొణుక్కుంటూనే మైకును వీధిగుమ్మం దాకా జరిపాడు. ఈసారి తాతయ్య జముకుతో కలిసి పాడింది అమ్మమ్మ. టేపు వెనక్కి తిప్పి విన్నాక ఆయన గొణుగుడు ఆగింది. హెడ్‌ఫోన్లు నా చెవులకీ పెట్టాడు. అమ్మమ్మ గొంతు, తాతయ్య జముకు, రెండూ జనంలో కూర్చుని విన్నట్టే ఉన్నాయి. అమ్మదొంగా, ఇలాంటి పని కూడా ఉంటుందా అనుకున్నాను.

ఆ పనే చేస్తున్నాను ఇప్పటికీ, విజయనగరంలో. నేనూ పాడతాను, పాడేవాళ్లని రికార్డూ చేస్తాను. జుట్టు నెరిసింది. డప్పు మోత కంప్యూటర్లో కోసేయండి మేడమ్, సిటీవాళ్లు వినరు అంటారు క్యాసెట్టు మొహం ఎరగని కుర్రాళ్లు. కొయ్యను. నచ్చక వేరేచోటికి పోయినవాళ్లున్నారు, పోనీ. తాతయ్య చేత జముకు మళ్లీ కింద పెట్టించే పని నాతో ఎవరూ చేయించలేరు.