పెద్దమ్మ అర్థం చెప్పిన కారు పుస్తకం

మొన్న పొద్దున సౌదీలో కొండల మీదుండే ఈ అభా ఊళ్ళో ఎదుటి గోడ కూడా కనపడనంత పొగమంచు దిగిన వేళ, మా అల్లుడు యజమాని గారి కారుకు తొడుగు వేస్తుంటే చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండాకాలం చల్లగా గడపడానికి రియాద్ నుంచి వచ్చి, బడులు తెరవగానే వెళ్ళిపోయే కుటుంబం వాళ్ళది. వాళ్ళు వెళ్ళాక చలికాలమంతా ఆ కారు కదలకుండా పడి ఉంటుంది గనుక దాన్ని ఒక పద్ధతిగా మూసిపెట్టాలి. మావాడు చేసిన పద్ధతేమిటంటే, తడి కారు మీదే తొడుగు కప్పాడు, హ్యాండ్ బ్రేకు బిగించేశాడు, వైపర్లు ఊడదీయకుండా కొండకోతుల పాలు చేశాడు. ఇదేందప్పా అంటే ఫోను చూపించాడు. అందులో ఎవరో దొర మోకాలి లోతు మంచులో నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాడు.

"నువ్వు ఊరుకో మామా, అన్నీ దీంట్లో చెప్తాండారు."

"ఆయప్ప మన కోతుల్ని చూసినాడా?" అన్నాను.

నవ్వేసి టీ తాగడానికి పోయాడు. అతనికది పది నిమిషాల పని. నాకు మాత్రం ఒక ఏడాది అదే పని తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల మీది కోపం ఇన్నేళ్ళయినా నాకు పూర్తిగా చల్లారలేదు.

నేను కడప జిల్లా నుంచి ఈ ఇంటికి డ్రైవరుగా వచ్చిన కొత్త. మా కఫీల్, అంటే నా వీసా ఎవరి పేరున ఉందో ఆ పెద్దమనిషి, మంచివాడే గానీ మాటంటే మాటే. నాకు ముందున్న డ్రైవరు కారును ఎక్కడిదక్కడ వదిలేసి పోతే, తిరిగి వేసవికి బ్యాటరీ చచ్చి, టైర్లు ఒక పక్కకు అణిగిపోయి, ఎలుకలు వైర్లన్నీ కొరికి పెట్టాయట. అందుకని ఆయన భార్యాపిల్లలతో రియాద్ వెళ్తూ, కారు పుస్తకం నా చేతిలో పెట్టి, ఇందులో ఎట్లా రాసి ఉందో అట్లా మూయి, ఆ పని అయిన రోజే నీ సెలవు అని చెప్పి పోయాడు. ఇంట్లో మిగిలింది ఆయన తల్లి, వంటపనికి పశ్చిమగోదావరి నుంచి వచ్చిన ఒక ఆడమనిషి, నేను. నేను ఊరు విడిచేటప్పుడు మా ఆవిడ మూడో నెల గర్భిణి. పుట్టిన ఆడపిల్లకు అప్పటికి పదకొండు నెలలు నిండాయి, ఫోటోలో తప్ప ముఖం చూడలేదు. ఇప్పటి ఈ అల్లుడు చేసుకున్నది ఆ పిల్లనే లెండి.

నా చదువు ఐదో తరగతితో సరి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పొట్లాల కాగితాల మీదా, అంగళ్ళ బోర్డుల మీదా నాకు నేనే కూడబలుక్కున్నది. అరబీ అక్షరాలు మాత్రం చిన్నప్పుడు మసీదులో హజ్రత్ గారు బెత్తం పట్టుకుని నేర్పారు. మీలో అట్లా నేర్చుకున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, గడగడా చదవడం వస్తుంది, అర్థం ఒక్క ముక్క రాదు. పైగా ఆ కారు పుస్తకంలో అక్షరాల నెత్తిన అచ్చులు తెలిపే గుర్తులేవీ లేవు, తడుముకుంటూ చదవాలి. కఫీల్ తల్లిగారికేమో అక్షరం రాదు, భాష ఆమెది. కాబట్టి సాయంత్రాలు వసారాలో ఆ పెద్దమ్మ కుర్చీ పక్కన కూచుని నాకు తెలిసిన ఒకే ఒక్క రాగంలో ఇంజను ఆయిలు గురించి చదివేవాణ్ణి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, చేతులు తిప్పుతూ, నాకు తెలిసిన నాలుగు మాటల్లోకి కుదించి అర్థం చెప్పేది. ఇద్దరం కలిస్తే ఒక చదువరి అయ్యామని నేను గర్వపడ్డాను కూడా.

మొదటి రోజు ట్యాంకు నిండా పెట్రోలు పోయమంది పుస్తకం. రెండో రోజు ఆయిలు మార్చమంది. మూడో రోజు, ఇంజనులో చెమ్మ ఆరాలంటే కారును రోజూ కొండదారిలో దింపి ఎక్కించాలంది. ఆ దారి దిగితే వచ్చే ఊళ్ళోనే పెద్దమ్మ వాళ్ళ అక్క మంచాన పడి ఉంది. పనిలో పనిగా ఆమెను చూసినట్టూ అవుతుందని పెద్దమ్మ ఫ్లాస్కులో ఖహ్వా, అదే అరబ్బుల కాఫీ, డబ్బాలో ఖర్జూరాలు పట్టుకుని వెనక సీట్లో ఎక్కేది. నాలుగో రోజూ అదే, ఐదో రోజూ అదే. పుస్తకమంటే నాకు ఎంత గురి అంటే, అచ్చయిన మాటను అనుమానించడం కూడా తప్పనుకునేవాణ్ణి. మొదట కొన్న టికెట్టు వాయిదా వేయించుకున్నాను. ఫోనులో కఫీల్ విసుక్కుంటే, పుస్తకంలో అట్లాగే ఉంది బాబా అని వాదించాను.

తొమ్మిదో రోజున, కప్పులు కడుగుతూ ఆ గోదావరి అమ్మాయి నన్ను ఆపింది. అరబీ చెవిన పడుతుంటేనే నేర్చుకున్న మనిషి, నాకంటే పదిరెట్లు వచ్చు.

"ఏవండీ అన్నయ్యగారూ, సెలవొద్దా ఏంటి మీకు?"

"పుస్తకం అయిపోవాల గదమ్మా."

"అదెప్పుడో అయిపోయిందండీ! నిన్న మీరు చదివింది రేడియో ఎలా పెట్టాలో. ఆవిడేమో కొండదారి అంటారు, మీరేమో తాళాలు తీస్తారు. బండి మీరు తోలుతున్నారనుకుంటున్నారేమో, తోలేది ఆవిడండీ బాబూ!"

"మరి ఇన్ని రోజులు చెప్పకుండా నోట్లో ఏం పెట్టుకున్నావు మే?"

"ఆ ముసలావిడ నవ్వడం ఈ ఇంట్లో అప్పుడే చూశానండీ. చెప్పబుద్ధి కాలేదు."

మూసే పేజీలకు ఆ అమ్మాయి చేతే అర్థం చెప్పించుకున్నాను. ఆ మధ్యాహ్నమే బ్యాటరీ ఊడదీశాను, చెక్కదిమ్మల మీదికి ఎత్తి టైర్లకు నేల తగలకుండా చేశాను, పొగగొట్టంలో గుడ్డలు కుక్కాను, చెమ్మ పీల్చడానికి లోపల బొగ్గుల సంచి పెట్టి తొడుగు కప్పి తాళ్ళు బిగించాను. నా విమానం ఎల్లుండి. మరుసటి పొద్దున వచ్చి చూద్దును గదా, తొడుగు ఒక మూల లేపి ఉంది, దిమ్మల మీద నిలబెట్టిన కారు వెనక సీట్లో పెద్దమ్మ ఖహ్వా ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. ఆ ఎత్తుకు ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలియాలి.

"పుస్తకం తీసుకురా" అంది.

"పుస్తకం అయిపోయింది యుమ్మా."

"అయితే ఊరికే పోదాం" అంది.

నేను తిట్టుకోని తిట్టు లేదు. తెలుగులోనే లెండి. తిట్టుకుంటూనే దిమ్మల మీంచి కారు దించాను, గుడ్డలు లాగాను, బ్యాటరీ బిగించాను. అక్కాచెల్లెళ్ళు ఆ రోజు సాయంత్రపు అసర్ నమాజు దాకా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూచున్నారు. బయట నేను కారు చుట్టూ తిరుగుతూ గడియారం చూసుకుంటూ ఉండిపోయాను. తిరిగొచ్చి, మళ్ళీ మొదటి నుంచీ అంతా మూశాను.

ఇంటికి చేరేసరికి పిల్ల నాకు ఎదురు నడిచి వచ్చింది. మొదటి అడుగు వేసి నాలుగు రోజులయిందట. మా ఆవిడ అది ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పినప్పుడల్లా నాకు ఆ పెద్దమ్మ మీద కోపం వస్తూనే ఉంటుంది.

వేసవికి నేను తాళం తిప్పగానే కారు మొదటి తిప్పుకే పలికింది. కఫీల్ భుజం తట్టాడు. పెద్దమ్మ వెనక ఎక్కి, ఇక్కడే బజారుకు పోనీ అంది. కొండదారి మాట ఎత్తలేదు. వాళ్ళ అక్క చలికాలంలో పోయిందని వంటింట్లో తెలిసింది.

ఆ ఏడాది నుంచి కారు మూయడానికి నాకు ఒక్క పూట చాలేది, సెలవు సమయానికే వచ్చేది. అయినా పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ పని మొదలుపెట్టే ముందు పుస్తకం పట్టుకుని ఆమె కుర్చీ దగ్గర కాసేపు నిలబడేవాణ్ణి. చదవమంటుందేమోనని. అనేది కాదు. ఇప్పుడు ఫోనే చదివి ఫోనే అర్థం చెప్పేస్తుంది, అబద్ధం చెప్పి ఆలస్యం చేయవలసిన అవసరం ఉన్న మనిషి మధ్యలో ఎవరూ ఉండరు. అల్లుడు పది నిమిషాల్లో ముగించుకుని టీ తాగుతున్నాడు. తడి తొడుగు విప్పి ఆరేసి, ఒక్కణ్ణే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.