కాటా పెద్దాయన చెప్పిన అంకె

పొద్దున అయిదున్నర. ముసురు పట్టి అది మూడో రోజు. కడుపు నకనకలాడుతోంది. గోదాము గేటు ఇంకా తీయలేదు. చూరు కింద గోడకి అంటుకుపోయి నిలబడ్డాను. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నోట్లో మంచినీళ్లు తప్ప ఏమీ పడలేదు. ఇలా ఓ నెల కడుపు మాడ్చుకుంటే గండం గట్టెక్కుతుందని నా లెక్క.

గండం ఏమిటంటే, పై అరల్లోకి బస్తాలెక్కించే పాత ఇనప నిచ్చెనకి ఆ వారమే ఒక మెట్టు ఊడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆఫీసువాళ్లు నిచ్చెన తీసేసి, మనిషినీ బస్తానూ కలిపి పైకెత్తే బుట్ట లిఫ్టు పెట్టించారు. దాని పక్కనే ఓ బోర్డు: తొంభై అయిదు కిలోలు దాటిన మనిషి ఎక్కకూడదు. నాలుగు నెలల తర్వాత డాక్టరు వచ్చి అందరినీ తూస్తాడు. దాటినవాళ్లు పై అర పని వదిలి, కింద తోపుడుబండి దగ్గరికి పోవాలి.

పై అరలో నాది ఇరవై రెండేళ్ల పని. నేనూ, నా జోడీ. వాడు ఎండిన కట్టెలా ఉంటాడు, అందుకని అందరూ పుల్ల అంటారు. నన్ను డబుల్ బస్తా అంటారు. ఒకడు బస్తా చెవులు పట్టుకుంటే రెండోవాడు అడుగు పట్టుకుని, మాట లేకుండా, ఊపిరి కలిపి విసరాలి. మేమిద్దరం పేర్చిన వరస గోడ కట్టినట్టుండేది. నాలుగో తరగతిలో బడి మానేసినవాడికి నాకు వచ్చిన విద్య అదొక్కటే. కింద బండి ఎవడైనా తోస్తాడు.

ఆ ముసురులో గొడుగేసుకుని వచ్చినవాడు కాటా పెద్దాయన. గోదాములో బస్తాలు తూచే మనిషి. అరవై దాటినా మనిషి నిటారుగా ఉంటాడు, కానీ మోచేతుల పైన చర్మం జారి వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా చూస్తే తనే అనేవాడు, "సరుకు తీసేశాం, సంచి మిగిలింది" అని.

"ఏం తమ్ముడూ, మొహం అలా పీక్కుపోయిందేం? ఇంట్లో పొయ్యి వెలగలేదా?"

"కావాలనే తినలేదన్నా. బరువు తగ్గాలిగా."

"ఎన్నాళ్లు?"

"తగ్గేదాకా."

"ఓహో. మధ్యాహ్నం అన్నం గిన్నె ముందు కూర్చుంటావుగా, అప్పుడు చూస్తా నీ దీక్ష." సంచిలోంచి ఉడకబెట్టిన గుడ్లు రెండు తీసి నా చేతిలో పెట్టాడు. "ముందు ఇవి తిను. తిన్నాక మాట్లాడదాం. ఆకలిగా ఉన్నవాడికి ఏం చెప్పినా ఎక్కదు."

అలా మొదలైంది.

కాటా గది గురించి చెప్పాలి. నేలకి సమానంగా ఇనప పలక, దాని పక్కన అద్దాల గది. బరువు చూపించే అంకెలు గది లోపలికి తిరిగి ఉంటాయి, ఆయనకి తప్ప ఎవరికీ కనబడవు. ఆయన చూసి, సంచి తరుగు కింద కొంత తీసేసి, కిటికీలోంచి అంకె అరుస్తాడు. మేం దాన్ని తిరిగి అరుస్తాం. అంతే, ఇక దాని మీద రెండో మాట లేదు. కాటా మనిషి భుజం మీద నుంచి తొంగి చూడటమంటే ఆయన్ని దొంగా అన్నట్టే. ఇన్నేళ్లలో ఒక్కడు కూడా తొంగి చూడలేదు.

ఆ రోజు నన్ను పలక ఎక్కించాడు. బూట్లకీ బట్టలకీ కలిపి కిలోన్నర తరుగు తీశాడు. అరవలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు: "నూట ఏడు."

ఆయన కథ అప్పుడే చెప్పాడు. ఆయనా ఒకప్పుడు మాలాగే హమాలీ. నూట ఇరవై ఎనిమిది కిలోలు ఉండేవాడట. వంగి బూటు తాడు కట్టుకోలేక, భార్య కడితే పనికొచ్చేవాడట. ఓసారి పట్టుబట్టి మూడు నెలలు నోరు కట్టుకున్నాడు. అప్పటి కాటా మనిషి అందరి ముందూ ఆయన అంకె అరిచాడు. తగ్గింది రెండు కిలోలే. గోదామంతా పగలబడి నవ్వింది. "ఆ ఒక్క అంకె విని పదేళ్లు వదిలేశాను తమ్ముడూ" అన్నాడు. "తర్వాత మొదలెడితే నలభై కిలోలు దించడానికి మూడేళ్లు పట్టింది. మళ్లీ ఎక్కలేదు. మెల్లగా పోయింది మెల్లగానే తిరిగొస్తుంది, దాన్ని మధ్యలో పట్టుకోవచ్చు."

ఒక్కసారి అన్నీ మార్చొద్దన్నాడు. మొదటి రెండు వారాలు టీ మాత్రమే. రోజుకి ఏడు టీలు తాగేవాణ్ని, ఒక్కో దాంట్లో మూడు చెంచాల చక్కెర. దాన్ని మూడు టీలు, ఒక్కో చెంచా చేశాను. అన్నం మానమనలేదు. పళ్లెంలో సగం కూర పెట్టుకో, మిగతా సగంలో అన్నం, పప్పు సర్దుకో అన్నాడు. మారు వడ్డించుకునే ముందు ఓ పది నిమిషాలు లేచి తిరుగు, అప్పటికీ ఆకలేస్తే తిను, ఎవరూ తప్పు పట్టరు. పొద్దున తినకుండా గేటు దాటొద్దు.

"రోజంతా బస్తాలు మోస్తాను, ఇంకా నడకెందుకన్నా?" అని అడిగాను.

"మోసేది ఎంతసేపురా? లారీ వచ్చినప్పుడు గంట. మిగతా టైమంతా బస్తాల మీద బస్తాలా పడుంటారు. బస్సు రెండు స్టాపుల ముందు దిగు."

దిగాను. మొదటి వారం ఇంటికెళ్లేసరికి నాలుక బయటికొచ్చింది. మా ఆవిడ చూసి, "ఏమయ్యా, ఎవరైనా తరుముతున్నారా?" అంది. విషయం చెబితే ఆమె నూనె సీసా పై అరలో పెట్టి, కూరకి చిన్న గరిటె తీసింది. ఇంట్లో నీకొక్కడికే వేరే వంట వద్దు, అందరూ అదే తినండి, లేకపోతే నెల తిరక్కుండా నువ్వే పక్క గిన్నెలో చెయ్యి పెడతావని పెద్దాయన ముందే చెప్పాడు. ఆ మాట చెబితే మా ఆవిడ, "ఆ అన్నయ్య నిన్ను బాగానే చదివాడు" అంది.

వారానికి ఒక్కసారే తూకం. సోమవారం పొద్దున, లారీలు రాకముందు, అవే బట్టల్లో. రోజూ ఎక్కొద్దన్నాడు. ఒంట్లో నీళ్లకే కిలో అటూ ఇటూ అవుతుందట, అది చూసి మనిషి పిచ్చెక్కిపోతాడట. నూట ఏడు, నూట అయిదున్నర, నూట నాలుగు. పుల్ల వెక్కిరించేవాడు, "రేయ్, ఇలాగైతే నిన్ను సింగిల్ బస్తా అని పిలవాల్సొస్తుంది" అని. లోపల వాడికీ ఆశే. నేను లేకపోతే వాడికి కొత్త జోడీ వెతుక్కోవాలి.

ఆరో వారం నూట మూడు పాయింటు నాలుగు. ఏడో వారం కూడా అదే. ఆ సాయంత్రం నాకు కోపం వచ్చి, రెండు రోజులు ఏమీ తినలేదు. మూడో రోజు ఇంట్లో ఉన్న రొట్టెలన్నీ, పక్కింటివాళ్లు ఇచ్చిన మిఠాయి మొత్తం లాగించాను. పెద్దాయన దగ్గరికెళ్లి, "నావల్ల కాదన్నా. వదిలేస్తున్నా" అన్నాను.

ఆయన తిట్టలేదు. "ఒక్క రోజు తిన్నావని నెల పాడవదు. తర్వాతి పూట నుంచి మామూలుగా తిను. దానికి శిక్షగా ఉపవాసం ఉండకు, అదే నిన్ను మళ్లీ ముంచుతుంది. నిద్ర సరిగ్గా పోతున్నావా? సోమవారం రా."

సోమవారం వెళ్లాను. ఆయన చాలాసేపు అంకెల వైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి నవ్వుతూ చెప్పాడు: "నూట రెండు పాయింటు ఒకటి. చూశావా?"

నాకు వెయ్యేనుగుల బలం వచ్చింది. ఆ తర్వాత తొమ్మిది వారాలు ఒక్కసారి కూడా అంకె ఆగలేదు. ప్యాంటు నడుము దగ్గర మడత పడింది. మోకాలి నొప్పి తగ్గింది. ఇవన్నీ నిజంగా జరిగినవే, అందుకే నాకు అనుమానం రాలేదు.

డాక్టరు రావడానికి పదిహేను రోజుల ముందు సూపర్‌వైజరు కాటా దగ్గరికి వచ్చాడు. అప్పుడే నా తూకం అయింది. పెద్దాయన చెప్పిన అంకె తొంభై అయిదు పాయింటు మూడు.

"ఎవరికైనా ఇంకా టైము కావాలంటే ఇప్పుడే పేరు ఇవ్వండి. తగ్గుతున్నవాళ్లకి రెండు నెలల గడువిస్తారు. తర్వాత వచ్చి ఏడిస్తే నేనేం చేయలేను" అన్నాడు. నా వైపు చూసి, "నీ పేరు రాయనా?" అని అడిగాడు.

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన గాజు గ్లాసులో టీ తాగుతున్నాడు. టీ వైపే చూస్తున్నాడు.

"నాకెందుకు సార్! ఇంకో మూడొందల గ్రాములేగా, నడిచి ఇంటికెళ్తే కరిగిపోతాయి" అన్నాను. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు.

పదిహేను రోజులయ్యాక డాక్టరు వచ్చాడు. చిన్న తెల్ల మిషను తెచ్చి ఆఫీసు గదిలో పెట్టాడు. బూట్లు విప్పి, బనియనుతో ఎక్కాను. ఆ ముందు సోమవారమే పెద్దాయన తొంభై నాలుగున్నర అన్నాడు. నేను దర్జాగా పుల్ల వైపు చూసి కన్నుకొట్టాను.

"తొంభై ఎనిమిది పాయింటు ఆరు" అన్నాడు డాక్టరు.

"మీ మిషను తప్పండీ" అన్నాను.

ఆయన మొదట్లో ఎంత ఉండేవాణ్నో అడిగి, ఓపిగ్గా ఇంకోసారి ఎక్కించాడు. అదే అంకె. "నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు పైనే తగ్గావు, అది చాలా మంచి తగ్గుదల, ఇలాగే చెయ్యి" అని కూడా అన్నాడు. నాకు ఆ మాట చెవికెక్కలేదు. "మా కాటా ఉంది, పదండి చూద్దాం. ముప్పై ఏళ్లుగా అది తప్పు చెప్పలేదు" అని అందరినీ వెంటేసుకుని వెళ్లాను. సూపర్‌వైజరు కూడా వచ్చాడు. నేనే తీసుకెళ్లాను ఆయన్ని.

బూట్లేసుకుని పలక ఎక్కాను. పెద్దాయన అంకె చెప్పలేదు. పుల్ల ఆగలేక, ఎవరూ ఎప్పుడూ చేయని పని చేశాడు. గది తలుపు తీసి లోపలికెళ్లి, ఆయన భుజం మీద నుంచి చూశాడు.

"నూరు పాయింటు ఒకటి" అన్నాడు. కిలోన్నర తరుగు తీస్తే తొంభై ఎనిమిది పాయింటు ఆరు.

"ఎప్పట్నించన్నా?" అని అడిగాను.

"ఎనిమిదో వారం నుంచి."

"ఎందుకు?"

"వదిలేసేవాడివి."

"పేరు రాయనా అని అడిగినప్పుడు నీ వైపే చూశాగా! అప్పుడు కూడా చెప్పవా?"

"ఆ పదిహేను రోజుల్లో దిగుతుందనుకున్నాను తమ్ముడూ."

"నేను తమ్ముణ్నా? పందెం గుర్రాన్నా?"



మంచికే చేశాడు కదా అంటుంది మా ఆవిడ. కావచ్చు. ఆ అబద్ధం లేకపోతే నేను ఏడో వారంలోనే ఆగిపోయేవాణ్నేమో. కానీ నా ఒళ్లు, నా బరువు, నా పని. ఆ అంకె నాది. దాన్ని నాకు తెలియకుండా తన దగ్గర పెట్టుకుని, నాకు వేరేది ఇచ్చాడు. ఒక్క మాట నిజం చెప్పి ఉంటే పేరు రాయించుకునేవాణ్ని. రెండు నెలలు చాలేవి. ఇప్పుడు నేను తొంభై రెండు కిలోలు. ఇప్పటికీ రెండు స్టాపుల ముందే దిగుతాను, ఇప్పటికీ పళ్లెంలో సగం కూరే. ఆయన నేర్పినవి ఒక్కటీ అబద్ధం కాదు, అదే నా కడుపుమంట. తిట్టుకుంటూనే ఆయన చెప్పినట్టు తింటాను. పుల్లకి కొత్త జోడీ కుదిరాడు, ఇక పై అరలో నాకు చోటు లేదు. వాళ్ల వరసలు కొంచెం వంకర, అయినా బాగానే నిలబడుతున్నాయి. సొంతానికి తూకం మిషను కొనుక్కున్నాను. అంకె చూసేటప్పుడు ఇంట్లో ఎవరినీ దగ్గరికి రానివ్వను.

ఆ రోజు తర్వాత ఆయన్ని ఎవరూ పనిలోంచి తీసేయలేదు. కానీ ఆయన అంకె అరిస్తే తిరిగి అరిచేవాళ్లు లేరు. ప్రతి లారీకీ ఒకడు గదిలోకెళ్లి చూసొచ్చి, అప్పుడు తలూపేవాడు. లారీవాళ్లు కూడా నేర్చుకున్నారు. సూపర్‌వైజరు పాత తూకాలు కూడా తిరగదోడించాడు. బస్తాల్లో గ్రాము తేడా రాలేదు. ఆయన అబద్ధం చెప్పింది నా ఒక్కడి బరువు గురించే. అది తెలిశాక కూడా ఎవరూ తొంగిచూడటం మానలేదు. నేనూ మానమని చెప్పలేదు. చెప్పి ఉంటే నా మాట వినేవాళ్లు.

తొమ్మిదో రోజు, మధ్యాహ్నం. నేను కింద బండితో నడవలో ఉన్నాను. పెద్దాయన అద్దాల గది తలుపు వేసి, తాళం సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి, గేటు వైపు వచ్చాడు. నడవ ఇరుకు. నా బండి అడ్డంగా ఉంది. తీయొచ్చు, కానీ తీయలేదు. ఒక్క మాటైనా అంటాడని నిలబడ్డాను. క్షమించమంటాడేమో, లేకపోతే తిడతాడేమో, ఏదో ఒకటి అంటాడేమో అని. ఆయన ఆగాడు. నా మొహంలోకి చూడలేదు, బండి చక్రాల వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో "బండి తియ్ రా" అని అరిచారు.

బండి పక్కకి లాగాను. ఆయన వెళ్లిపోయాడు.