ఆఫీసరు గది తలుపు

మొన్న మా చెల్లెలి మనవరాలు యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. లైబ్రరీ దారిలో దీపాలు వెలగడం లేదని పిల్లలు మొరపెట్టుకుంటే, దీపాలు వేయించడం మాని, ఆరింటికల్లా హాస్టల్ గేటుకు తాళం పడుతుందని, అంతా మీ క్షేమం కోసమేనని నోటీసు అంటించారట. యూనివర్సిటీ ఆఫీసు వరండాలో మాత్రం తెల్లవార్లూ దీపాలు వెలుగుతూనే ఉంటాయట. ఆ క్షేమమనే మాట వినగానే నాకు ఒళ్ళు మండింది.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మా రోజుల్లో ఈ ఎండల సీమలో ఆడపిల్ల యూనివర్సిటీ దాకా రావడమే గొప్ప. కోయిలకుంట్ల నుంచి నేనూ, కమలాపురం నుంచి నా స్నేహితురాలూ వచ్చి ఒకే గదిలో పడ్డాం. క్లాసులో పైకప్పు పెచ్చులు రాలితే బెంచీలు జరుపుకుని పాఠాలు విన్నాం, బకెట్టు నీళ్ళతో ఇద్దరం సర్దుకున్నాం, వాటికెన్నడూ నోరెత్తలేదు. కానీ మా స్నానాలగదికి తలుపు లేదు. చెదలు తిన్న పాత తలుపు ఊడిపోయాక ఒక గోనెపట్ట వేలాడదీశారు. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరం కాపలా నిలబడేవాళ్ళం. ఎన్నిసార్లు అడిగినా హాస్టల్ ఆఫీసరుది ఒకటే జవాబు.

"తలుపు లేకుంటే ఏమైతాదమ్మా, గోనెపట్ట ఉండాది గదా. మీ క్షేమం మాకు తెలీదా?"

ఒక సాయంత్రం నేను క్లాసు నుంచి రావడం ఆలస్యమై, నా స్నేహితురాలు కాపలా లేకుండానే స్నానం చేస్తుండగా ఎవడో ఆ పట్ట లాగి, ఆమె అరుపుకు కూలిన ప్రహరీగోడ మీదుగా పారిపోయాడు. మర్నాడు ఆమె ట్రంకుపెట్టె సర్దుకోసాగింది. వెళ్తే ఇక తిరిగి రాదు. వాళ్ళ నాయన వడ్రంగి పనిచేసి చదివిస్తున్నాడు గానీ, ఈ సంగతి తెలిస్తే ఇంట్లోవాళ్ళు మళ్ళీ పంపరు. నాకు దుఃఖమూ కోపమూ ముంచుకొచ్చి, తలుపే కదా కావలసింది, ఆ ఆఫీసరు గదికి బ్రహ్మాండమైన టేకు తలుపుంది, పద తెచ్చుకుందాం అన్నాను. ఉక్రోషంతో అన్న మాట అది. ఆమె సర్దడం ఆపి, మంచం కాళ్ళు వదులైతే బిగించుకోమని నాయన ఇచ్చిన స్క్రూడ్రైవర్‌ను పెట్టె అడుగునుంచి తీసింది.

ఆఫీసరు భోజనానికి వెళ్ళిన వేళ, పట్టపగలు, హాస్టల్ పిల్లలందరం కలిసి ఆ తలుపు ఊడదీసి మోసుకొచ్చాం. మా గుమ్మానికి బిగిస్తే పైన జానెడు సందు మిగిలింది, అయినా లోపలి గడియ బాగానే పడింది. మా గోనెపట్టను తీసుకుపోయి ఆయన గుమ్మానికి కట్టాం.

ఆయన వచ్చి, అందరినీ యూనివర్సిటీ నుంచి తీసేస్తానని చిందులు తొక్కితే, ఎన్నడూ గట్టిగా మాట్లాడని నా స్నేహితురాలు ముందుకొచ్చింది.

"తలుపు లేకుంటే ఏమైతాది సార్, గోనెపట్ట ఉండాది గదా."

గుమస్తాలు కూడా నవ్వాపుకోలేకపోయారు. మమ్మల్ని తీసేయాలంటే కారణం చెప్పాలి, చెబితే స్నానాలగది సంగతి బయటపడుతుంది, అందుకని ఆయన ఆ బెదిరింపు వదిలేసి తన గదికి కొత్త తలుపు పురమాయించుకున్నాడు. మాకు ఏడాదిగా రాని తలుపు ఆయన గదికి మర్నాడే వచ్చింది. ఆమె ట్రంకుపెట్టె మళ్ళీ మంచం కిందికి చేరింది, మా ఇద్దరి చదువులూ పూర్తయ్యాయి.

ఇప్పుడు హాస్టళ్ళలో ప్రతి గదికీ తలుపుంది, ఎక్కడ చూసినా కెమెరాలున్నాయి, కాదనను. కానీ మేము లోపలి గడియ కోసం కొట్లాడితే, వీళ్ళు బయట తాళం వేసి దాన్ని క్షేమమంటున్నారు. నా స్నేహితురాలు ఇప్పుడు లేదు. ఉండుంటే ఇద్దరం కలిసే పోయేవాళ్ళం. రేపు గేటుకు తాళం పడకముందే పుస్తకాలు పట్టుకుని అందరూ ఆ దీపాలు వెలిగే ఆఫీసు వరండాలోనే కూర్చుని చదువుకోమని మనవరాలికి చెప్పాను.

"నేనూ వస్తాండా. నాకొక కుర్చీ వేసిపెట్టు."